ఒషిమా వాళ్లు దాచుకున్న కోళ్లు

ఇలా నెగడు దగ్గరికి జరగండర్రా, గాలి ఎక్కువైంది. ఇలాంటి గాలికే చితికిపోయిన ఓడ ముచ్చట ఒకటి చెబుతాను.

1890 నాటి మాట. తుర్కీ సుల్తాను రెండో అబ్దుల్ హమీద్, జపాను చక్రవర్తి మెయిజీకి కానుకలు పంపాడు. తీసుకెళ్లిన ఓడ ఎర్తుగ్రుల్. పాత కొయ్య ఓడ. ఇస్తాంబుల్‌లో బయల్దేరి యొకొహామా చేరేసరికి దాదాపు పదకొండు నెలలైంది. అక్కడ ఓడలో కలరా సోకి కొందరు పోయారు. తుఫాన్ల కాలం, ఆగండని చెప్పినా వినకుండా సెప్టెంబరు 15న తిరుగుదారి పట్టారు.

మర్నాటి రాత్రికే తుఫాను ముంచుకొచ్చింది. ఒషిమా దీవి దగ్గర రాళ్లకు కొట్టుకుని ఓడ ముక్కలైంది. సేనాని ఉస్మాన్ పాషాతో సహా ఐదువందల మందికి పైగా సముద్రంలో కలిసిపోయారు. మిగిలింది 69 మంది.

కషినోజకి లైటుహౌసు వెలుగు చూసుకుంటూ, నెత్తురోడుతూ కొండరాళ్లు పట్టుకుని కొందరు పైకి పాకారు. కాపలావాళ్లకు వీళ్ల భాష రాదు. దేశదేశాల జెండాల పుస్తకం తెచ్చి చూపిస్తే, ఒకడు నెలవంక, చుక్క ఉన్న జెండా మీద వేలు పెట్టాడట!

కబురందగానే ఊరంతా కదిలింది. కలిగినవాళ్లు కారు, చేపల వేట మీద బతికే బీదజనం. చలికి కొయ్యబారిన కళాసీలను తమ ఒంటి వేడితో కాచారు. ఇంట్లో ఉన్న చిలగడదుంపలు పెట్టారు. కష్టకాలానికని పెంచుకున్న కోళ్లనూ కోసి వండారు. ప్రాణాలు కాపాడటం గొప్పే. కానీ వేట సాగని రోజుల్లో తమ పిల్లల తిండి తీసి పరాయివాడికి పెట్టడం నా దృష్టిలో ఇంకా గొప్ప. గాయాలకు మందు వేసిన వైద్యులను ఖర్చెంతైందని అడిగితే, జాలిపడి చేశాం, డబ్బు కోసం కాదని రాసి పంపారు.

చనిపోయినవాళ్లను ఆ ఊరివాళ్లే ఏరి తెచ్చి, సముద్రం కనబడే చోట పాతిపెట్టారు. బతికినవాళ్లను హియెయి, కొంగో అనే రెండు జపాను యుద్ధనౌకలు 1891 జనవరిలో ఇస్తాంబుల్‌లో దింపాయి.

తుర్కీ వాళ్లు మరిచిపోలేదు. 1985 మార్చిలో ఇరాన్ మీదుగా ఎగిరే విమానాలన్నిటినీ కూల్చేస్తానని ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ గడువు పెట్టాడు. టెహరాన్‌లో జపాను వాళ్లు చిక్కుబడిపోయారు. అప్పుడు తుర్కీ రెండు విమానాలు పంపి 215 మందిని గట్టెక్కించింది.

మీలో ఎవరైనా ఓడ ఉద్యోగానికి పోయి జపాను రేవులో దిగితే, ఒక పూట ఒషిమాకు వెళ్లండి. ఇప్పుడు వంతెన కూడా వేశారు. ఆ సమాధుల దగ్గర దండం పెట్టుకుని, ఆ ఊరివాళ్లను కూడా పలకరించి రండి.