చేప ముళ్ల బొమ్మ

పోయినేడు మా ఆవకాయ బూజు పట్టింది. "నీ చెయ్యి మంచిది కాదమ్మా" అనేశారు అత్తయ్య. ఆ మాట గుచ్చుకుంది.

అప్పుడే మావారి ఫ్యాక్టరీ శిక్షణ కాగితాల్లో చేప ముళ్ల బొమ్మ కనబడింది. 1943లో జపాన్‌లో కవోరు ఇషికావా కావసాకి ఉక్కు కర్మాగారం ఇంజనీర్లకు గీసి చూపిన బొమ్మ అది. తల దగ్గర లోపం రాస్తారు. వెన్నుకి అటూ ఇటూ పెద్ద ముళ్లు: మనుషులు, యంత్రాలు, సరుకు, పద్ధతి. ఒక్కోదానికీ 'ఎందుకని' అడుగుతూ చిన్న ముళ్లు. 1962లో మొదలైన క్వాలిటీ సర్కిళ్లతో మామూలు కార్మికులూ కలిసి కూర్చుని గీయడం నేర్చారు. తప్పు చేసినవాళ్ల పేరు రాసే ముల్లే లేదందులో!

క్యాలెండర్ వెనకాల నేనూ గీశాను. కాయ, ఉప్పు, నూనె, గరిటె, జాడీ. జాడీ దగ్గర ఆగాను. కడిగాక ఆరబెట్టింది ఒక్క పూట, అదీ మబ్బులో.

ఈ ఏడు జాడీని రెండు రోజులు ఎండలో పెట్టింది అత్తయ్యే.