వెంట ఉండే కత్తి: పనిముట్టుకూ ఆయుధానికీ మధ్య గీత – ఏన్కూరు అటవీ సరిహద్దు నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఖమ్మం, భద్రాచలం అడవుల సరిహద్దున ఉన్న ఏన్కూరు ప్రాంతంలో మనిషి వెంట నిత్యం ఉండే కత్తిని ఎప్పుడు పనిముట్టుగా, ఎప్పుడు ఆయుధంగా పరిగణించారో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కత్తుల పేర్లు, గోదావరికి ఇరువైపులా సాగిన రెండు పాలనలు, 1878 నుంచి నేటివరకు వచ్చిన చట్టాలు ఇందుకు ఆధారాలు. ఆత్మరక్షణ కోసమని మడతకత్తిని ఎంచుకునే నేటి ధోరణిని ఈ చరిత్ర వెలుగులో అంచనా వేయడం, పత్రాల్లో కనిపించే ‘మారణాయుధం’ అనే మాటను పరిశోధకులు ఎలా చదవాలో సూచించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: ఏన్కూరు, మడతకత్తి, ఆయుధాల చట్టం, పోడు, కోయలు, ఆత్మరక్షణ, అటవీ చట్టం.

1. ఉపోద్ఘాతం

జేబులో పట్టే మడతకత్తి నేటి అంగడిలో రెండు ప్రయోజనాల పేరిట అమ్ముడవుతోంది. ఒకటి నిత్యావసరం, రెండోది ఆత్మరక్షణ. కొనేవారు కోసే భాగమైన అలుగు పొడవును, తెరిచినప్పుడు అది కదలకుండా పట్టి ఉంచే తాళాన్ని, పిడి పట్టును, ఉక్కు నాణ్యతను చూసి ఎంచుకుంటారు. ఈ రెండు ప్రయోజనాలు ఒకే వస్తువులో సహజంగా ఇమిడిపోతాయన్న నమ్మకం ఆ ఎంపిక వెనుక ఉంది. కత్తి లేనిదే రోజు గడవని ప్రాంతపు చరిత్ర ఈ నమ్మకాన్ని సమర్థిస్తుందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఏన్కూరు ఈ ప్రశ్నకు తగిన స్థలం. తల్లాడ నుంచి జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం వెళ్లే దారిలో ఉన్న ఈ మండలం మైదానపు సాగునేలకూ అడవికీ నడుమ ఉంది. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడినప్పుడు ఏన్కూరు ఖమ్మం జిల్లాలోనే ఉండిపోయింది. పక్కనే ఉన్న జూలూరుపాడు, చండ్రుగొండ మండలాలు కొత్త జిల్లాలోకి వెళ్లాయి. రైతులు, గీత కార్మికులు, లంబాడాలు, కోయలు కలిసి బతికే ఈ పట్టీలో కత్తి లేని వృత్తి అరుదు.

2. పేర్లు చెప్పే చరిత్ర

తెలుగులో ‘కత్తి’ అనే మాట క్షౌరం చేసే సాధనం నుంచి యుద్ధంలో దూసే ఖడ్గం దాకా అన్నింటికీ చెల్లుతుంది. ఏ కత్తో తేల్చేది దాని ముందో వెనుకో చేరే మాట. గీతకత్తి, మంగలికత్తి, మచ్చుకత్తి, కత్తిపీట అన్నప్పుడు ఆ పేరు వృత్తినో వాడుకనో చెబుతుంది, కొలతను చెప్పదు. గీత కార్మికుడు మోకు, ముస్తాదులతో పాటు కత్తులను నడుముకు కట్టుకుని ఊరి వీధుల్లో నడిచి వెళతాడు. ఆ పదునును చూసి ఎవరూ జంకరు. అతని చేతిలోని కత్తి ఏ పనికో ఊరందరికీ తెలుసు.

బాకు, కటారి, జంబియా వంటి పేర్లు దీనికి భిన్నం. వీటి వెనుక వృత్తి లేదు, పోరు ఉంది. హైదరాబాదు నగరంలో జంబియా అరబ్బు సైనికుల నడుము పట్టీతో పాటు వచ్చిన వస్తువు. మడతకత్తికి వాడుకలో ఉన్న ‘చాకు’ అనే మాట కూడా పారశీకం నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి చేరింది.

అయితే మడిచే కత్తి తెలుగు పల్లెకు పూర్తిగా కొత్తది కాదు. పిడిలోకి మడిచే మంగలికత్తి తరతరాలుగా పొదిలో ఉంది. పోకచెక్కలు కత్తిరించే అడకత్తెర కూడా కీలుమీద తిరిగే ఇనుమే. వీటిలో కీలు ఉన్నది పదునును, చేతిని కాపాడటానికే తప్ప కత్తిని కనబడకుండా దాచడానికి కాదు. ప్రపంచ చరిత్రలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. ఫ్రాన్సులోని సవాయ్ కొండ ప్రాంతంలో 1890లో జోసెఫ్ ఓపినెల్ తయారుచేసిన మడతకత్తి రైతుల కత్తిగానే పేరు పొందింది. దానికి అలుగును పట్టి ఉంచే తాళపు ఉంగరం 1955లో చేరింది. పనిచేసేవారి వేళ్లు తెగకుండా చూడటమే ఆ తాళం పని.

3. అడవిలో ఎంపిక

అడవి అంచున మడతకత్తి ప్రధాన సాధనం కాలేకపోవడానికి కారణాలు పనిలోనే ఉన్నాయి. వెదురు నరకడం, కంప కొట్టడం, పోడు కోసం పొదలు తొలగించడం, అడ్డాకుల తీగలు కోయడం వంటి పనుల్లో దెబ్బ బరువు పిడి మొదలు కొన దాకా ఒకే బిగువుతో ప్రసరించాలి. కీలు ఉన్నచోట ఆ బిగువు తెగుతుంది. చెట్టుపాలు, జిగురు, వానాకాలపు తేమ కీలులో చేరితే కత్తి తెరుచుకోదు. తాళం లేని మడతకత్తి దెబ్బకు వెనక్కి మడుచుకుంటే తెగేది పట్టుకున్నవారి వేళ్లే. అందుకే ఇక్కడ కమ్మరి కొలిమిలో సాగగొట్టిన నిలువు కత్తి, గొడ్డలి, కొడవలి నిలిచాయి. మోటారు వాహనాలు వచ్చాక లారీల కమాను పట్టీల ఉక్కు కొలిమికి చేరింది. రూపం మాత్రం పెద్దగా మారలేదు.

ఎలుగుబంటి, అడవిపంది తిరిగే చోట కత్తి రక్షణ కోసం కూడా కాదా అన్న ప్రశ్న సహజం. అయితే మృగం నుంచి కాపాడేది ప్రధానంగా గుంపుగా నడవడం, చప్పుడు చేయడం, పొడవాటి కర్ర, నిప్పు. కత్తికి పని పడేంత దగ్గరికి మృగం వచ్చిందంటే అప్పటికే చేయి దాటిపోయినట్టు. రక్షణ కత్తికి అప్పుడప్పుడు తగిలే పని మాత్రమే. ఎంపికకు కొలమానం మాత్రం రోజువారీ పనే.

4. నది నడుమ రెండు పాలనలు

నైజాం 1860లో గోదావరి ఎడమ గట్టు మీది భద్రాచలం ప్రాంతాన్ని బ్రిటిషువారికి అప్పగించాడు. కొంతకాలం మధ్యపరగణాల కింద ఉన్న ఆ ప్రాంతం 1874లో మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాలో చేరింది. ఏన్కూరు, పాల్వంచ వైపు నేల నైజాం రాజ్యంలోనే కొనసాగింది. ఒకే అడవి, ఒకే కోయ జనం, ఒకే రకం గొడ్డలి. నది దాటితే మాత్రం చట్టం వేరు.

ఈ మార్పు భారం గొడ్డలి మీదే పడింది. మధ్యపరగణాల పాలనలో పోడుకు పన్ను గొడ్డలి లెక్కన, గొడ్డలికి నాలుగణాలు. ఒక మనిషి ఒక గొడ్డలితో నరికి సాగుచేయగలిగినంత నేల అని దాని అర్థం. మద్రాసు ప్రభుత్వం ఆ పన్నును దాదాపు మూడు రెట్లు చేసింది. కొన్ని అడవుల్లోకి సాగుదార్లను రానివ్వలేదు. 1879లో రంప తిరుగుబాటు భద్రాచలం తాలూకాలోని రేకపల్లికి పాకడానికి ఇది ముఖ్య కారణం. అంటే ప్రభుత్వ పత్రాల్లో ఇక్కడి గొడ్డలి ఆయుధంగా కాక పన్నుకు ప్రమాణంగా కనిపిస్తుంది.

తిరుగుబాట్ల నడకలోనూ ఈ తేడా గమనించవచ్చు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు బృందం చింతపల్లి పోలీసు ఠాణాపై దాడిచేసింది, ఆ తర్వాతి రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై చేసింది. మన్యంలో ఇంటింటా గొడ్డలి, కత్తి, విల్లు ఉన్నా వారు వెతికింది తుపాకుల కోసం. పోరాడాలని నిశ్చయించినవారు పనిముట్టుతో సరిపెట్టుకోలేదు.

5. చట్టం గీసిన గీత

లిట్టన్ కాలంలో వచ్చిన 1878 నాటి ఆయుధాల చట్టం ‘ఆయుధం’ అన్న మాటకు ఒక జాబితా ఇచ్చింది. తుపాకులు, కత్తులు, బాకులు, ఈటెలతో పాటు విల్లమ్ములు కూడా అందులో ఉన్నాయి. కోయ యువకుడి వేటసాధనం అలా చట్టం మాటల్లో ఫిరంగి సరసన చేరింది. ఈ చట్టం బ్రిటిషు ఇండియాది. నైజాం నేలకు వర్తించలేదు. దానిపై వ్యతిరేకత జాతీయోద్యమంలో బలంగా వినిపించింది. 1930లో గాంధీ ప్రకటించిన 11 డిమాండ్లలో ఆత్మరక్షణ కోసం తుపాకీ లైసెన్సులు ఇవ్వాలన్నది ఒకటి.

స్వతంత్ర భారతదేశపు 1959 నాటి ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. అది జాబితాను దాటి ఉద్దేశాన్ని కొలమానం చేసింది. దాడికో రక్షణకో ఆయుధంగా రూపొందించిన లేదా మలచిన వస్తువే ఆయుధం. కేవలం గృహ, వ్యవసాయ అవసరాల కోసం రూపొందించినవి ఆయుధాలు కావు. నిబంధనల ప్రకారం 9 అంగుళాల కన్నా పొడవైన లేదా 2 అంగుళాల కన్నా వెడల్పైన అలుగు ఉన్న కత్తులు నియంత్రిత వర్గంలోకి వస్తాయి. అక్కడ కూడా గృహ, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు రూపొందించినవాటికి మినహాయింపు ఉంది. పైగా చట్టంలోని 4వ సెక్షను కింద వీటికి లైసెన్సు తప్పనిసరి అయ్యేది కేంద్రం ప్రకటించిన ప్రాంతాల్లోనే.

ఇక్కడ గమనించదగిన అంశం ఒకటుంది. ‘రక్షణ కోసం రూపొందించినది’ కూడా ఈ నిర్వచనంలో ఆయుధమే. రక్షణ అన్న మాట వస్తువును చట్టం నుంచి తప్పించకపోగా చట్టం పరిధిలోకే తెస్తుంది. నగరాల్లో మడతకత్తి మీద ప్రత్యేక దృష్టి పడటం కూడా ఇలాంటిదే. 1980 అక్టోబరు 29న ఢిల్లీ పాలనాయంత్రాంగం ఇచ్చిన ప్రకటన స్ప్రింగుతో, బటనుతో లేదా మరో యంత్ర సాధనంతో తెరుచుకుని మూసుకునే కత్తుల్లో 7.62 సెంటీమీటర్లు, అంతకు మించిన పొడవూ 1.72 సెంటీమీటర్లు, అంతకు మించిన వెడల్పూ ఉన్నవాటిని నియంత్రించింది. 9 అంగుళాల హద్దు ఉన్న దేశంలోనే 3 అంగుళాల కత్తి నేరవస్తువైంది. చట్టాన్ని భయపెట్టింది పొడవు కాదు, జేబులో దాగి క్షణంలో తెరుచుకునే గుణం.

6. ఒకే కత్తి, మూడు పేర్లు

ఏన్కూరు సరిహద్దున మరో రెండు చట్టాలు కలుస్తాయి. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం అటవీ నేరానికి వాడిన పనిముట్లు, తాళ్లు, వాహనాలు, పశువులను స్వాధీనం చేసుకునే అధికారమిచ్చింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంలోనూ ఇదే ఏర్పాటు ఉంది. ఇందులో గొడ్డలి ఆయుధం కాదు, పనిముట్టే; అయినా ఇంటికి తిరిగి రాకపోవచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మరో అడుగు వేసి, విల్లమ్ములు, వలలు, ఉచ్చులతో పాటు కత్తులను కూడా ఆయుధం నిర్వచనంలో చేర్చింది. అనుమతి లేకుండా వాటితో అభయారణ్యంలో అడుగుపెట్టరాదు. పాల్వంచ సమీపంలోని కిన్నెరసాని అభయారణ్యానికి ఇది వర్తిస్తుంది.

ఫలితంగా ఒకే కత్తి పొలంలో వ్యవసాయ పనిముట్టు, రిజర్వు అడవిలో నేరసాధనం, అభయారణ్యంలో ఆయుధం. ఇనుము మారలేదు, నడిచిన దూరం మారింది. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల సేకరణను హక్కుగా గుర్తించిన 2006 నాటి అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా, ఆ సేకరణకు తప్పనిసరైన కత్తి ఈ మూడు పేర్ల మధ్యే తిరుగుతోంది.

ఈ చర్చ నేటిదేనని ఏన్కూరుకు పొరుగునే ఉన్న చండ్రుగొండ మండలంలోని బెండాలపాడు అడవి గుర్తుచేస్తుంది. 2022 నవంబరు 22న అక్కడ మొక్కల పెంపకం భూమి విషయమై రేగిన వివాదంలో ఒక అటవీ రేంజి అధికారి పదునైన సాధనాల దాడిలో మరణించారు. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గుత్తికోయలిద్దరికి మరుసటి ఏడాది న్యాయస్థానం జీవితఖైదు విధించింది. అటవీ సిబ్బంది తమకు ఆయుధాలు కావాలని కోరారు. విధి నిర్వహణలో ఉన్న మనిషి ప్రాణం పోయింది. ఆ తర్వాత నడుముకు కత్తి కట్టుకుని అడవికి వెళ్లే ప్రతి గుత్తికోయ మీదా చూపు మారే ప్రమాదమూ ఏర్పడింది. పనిముట్టు ఆయుధమైన ఆ ఒక్క క్షణం రెండు వర్గాలకూ నష్టం చేసింది.

7. ఆత్మరక్షణ కోసం ఎంపిక

1860 నాటి శిక్షాస్మృతి 96 నుంచి 106 వరకు సెక్షన్లలో ఇచ్చిన ఆత్మరక్షణ హక్కు, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లలో కొనసాగుతోంది. అవసరానికి మించిన హాని చేయరాదు, అధికారుల సాయం పొందే వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు ఉండదు అన్న హద్దులు రెండింటా ఉన్నాయి. హక్కు పుట్టేది ప్రమాదం ఎదురైన క్షణంలో. వస్తువును కొన్న రోజున కాదు. చేతికందిన కొడవలితో ప్రాణం కాపాడుకున్న రైతుకు ఆ కొడవలి ఎందుకు ఉందో వివరించాల్సిన పని లేదు. మనిషిని ఎదుర్కోవడానికే ఎంచుకున్న మడతకత్తి జేబులో ఉన్నవారు ఆ ఉద్దేశానికి సమాధానం చెప్పుకోవాల్సి రావచ్చు. పైగా పెనుగులాటలో దాన్ని తీసి తెరిచే వ్యవధి దొరకదు. తెరిచాక అది ఎవరి చేతికి చిక్కుతుందో చెప్పలేం.

కాబట్టి మడతకత్తిని ఎంచుకునేవారికి ఈ ప్రాంతపు అనుభవం చెప్పేది సూటిగా ఉంది. పనిని బట్టి కత్తి, వేళ్లను కాపాడే తాళం, పనికి సరిపడే పొడవు, నలుగురిలో తీసినా జంకు పుట్టించని రూపం – ఇవే నిలకడైన కొలమానాలు.

8. ముగింపు

ఏన్కూరు సరిహద్దులో కత్తి స్వభావాన్ని తేల్చినవి వృత్తి, స్థలం, ఉద్దేశం. అలుగు పొడవు వీటి తర్వాతిదే. ఊరు కత్తిని పనితో గుర్తించింది. పాలన ఒకసారి పన్నుతో, ఒకసారి నేరంతో, ఒకసారి భయంతో గుర్తించింది. ఈ ప్రాంత చరిత్రను రాసే పరిశోధకులకు ఇందులో ఒక పద్ధతి సూచన ఉంది. ఠాణా నివేదికల్లో, తీర్పుల్లో, పత్రికల్లో ‘మారణాయుధాలతో గుమిగూడారు’ అన్న వాక్యం ఎదురైనప్పుడు, ఆ వస్తువు ఏమిటి, ఏ చట్టం కింద దానికి ఆ పేరు వచ్చింది, ఆ ఉదయం అది ఏ పనికి ఇంటి నుంచి బయలుదేరింది అన్న మూడు ప్రశ్నలు వేయాలి. జవాబు కొన్నిసార్లు నేరాన్నే రుజువు చేయవచ్చు. మరికొన్నిసార్లు తునికాకు కోతకో, వెదురుకో బయలుదేరిన కత్తికి దాని అసలు పేరు తిరిగి దక్కవచ్చు.