ఓపెన్ సోర్స్ డెడ్‌లైన్: ‘శుక్రవారం లోపు’ అంటే ఎవరి శుక్రవారం? ఈ టైమ్ లెక్క తెలియకపోతే ఛాన్స్ మిస్!

‘శుక్రవారం లోపు పంపండి’.. ఒకే ఆఫీసులో కూర్చునేవాళ్లకు ఈ ఒక్క మాట చాలు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో మాత్రం చాలదు. కోడ్ రాసే కుర్రాడు హైదరాబాద్‌లో, దాన్ని చెక్ చేసేవాళ్లు బెర్లిన్‌లో, రిలీజ్ చూసుకునేవాళ్లు కాలిఫోర్నియాలో ఉంటారు. హైదరాబాద్‌లో శనివారం పొద్దున టిఫిన్ చేసే టైమ్‌కి కాలిఫోర్నియాలో ఇంకా శుక్రవారం సాయంత్రమే. మరి గడువు అయిపోయినట్టా? ఇంకా ఉన్నట్టా?

ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్. ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు, సరిచేసి తిరిగి పంపొచ్చు. లినక్స్, కుబెర్నెటిస్, రస్ట్ ఇలా నడుస్తున్నవే. ఇందులో చాలామంది ఉద్యోగమో, చదువో అయ్యాక మిగిలిన టైమ్‌లో పనిచేస్తారు. అందుకే గడువు అస్పష్టంగా ఉంటే ముందుగా దెబ్బతినేది, ప్రకటన రాసినవాళ్లకు దూరంగా ఉన్నవాళ్లే.

అందరికీ ఒకే గడియారం.. యూటీసీ

ఈ గొడవ లేకుండా ప్రాజెక్టులు వాడే ప్రపంచ ప్రామాణిక సమయమే యూటీసీ. ఎండాకాలం, చలికాలం అని ఇది మారదు. భారత కాలమానం యూటీసీ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. అంటే యూటీసీలో ఏ టైమ్ ఇచ్చినా దానికి ఐదున్నర గంటలు కలిపితే మన టైమ్ వచ్చేస్తుంది. ఆ అరగంటే చాలాసార్లు లెక్క తప్పిస్తుంది.

దీనికి గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ మంచి ఉదాహరణ. కొత్తవాళ్లను ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులతో కలిపే ఈ కార్యక్రమం 2005లో మొదలైంది. 2025లో దరఖాస్తుకు చివరి గడువు ఏప్రిల్ 8, 18:00 యూటీసీ. మన దగ్గర అది రాత్రి 11:30. ‘ఏప్రిల్ 8 వరకు ఉంది కదా’ అని అర్ధరాత్రి దాకా ఆగితే అరగంట ముందే తలుపులు మూసుకుంటాయి. ఆలస్యమైన దరఖాస్తులు తీసుకోరు. కారణం ఏదైనా సరే, మళ్లీ ఏడాది ఆగాల్సిందే.

ఔట్‌రీచీ అనే ఇంటర్న్‌షిప్ కార్యక్రమం గడువులను 16:00 యూటీసీకి పెడుతుంది. అంటే మనకు రాత్రి 9:30. రెండు కార్యక్రమాలకూ తేదీతో పాటు గంట కూడా ఉండటం వల్లే ఎక్కడివాళ్లైనా లెక్క వేసుకోగలుగుతున్నారు.

ఏఓఈ అంటే ఏంటి?

కొన్ని ప్రకటనల్లో తేదీ పక్కన ఏఓఈ అని కనిపిస్తుంది. ఎనీవేర్ ఆన్ ఎర్త్ అని దీని అర్థం. భూమ్మీద ఎక్కడో ఒకచోట ఆ తేదీ ఇంకా నడుస్తున్నంత సేపు గడువు ఉన్నట్టే. లెక్క కోసం యూటీసీ కంటే 12 గంటలు వెనక ఉన్న టైమ్ జోన్‌ని తీసుకుంటారు. పసిఫిక్ సముద్రంలో మనుషులు నివసించని బేకర్, హౌలాండ్ దీవులు ఆ జోన్‌లోకే వస్తాయి.

‘అక్టోబర్ 31 ఏఓఈ’ అంటే మనకు నవంబర్ 1 సాయంత్రం 5:30 వరకు టైమ్ ఉంటుంది. ఏటా అక్టోబర్‌లో జరిగే హ్యాక్టోబర్‌ఫెస్ట్ ఇదే పద్ధతిని రెండు వైపులా వాడింది. తేదీ అందరికంటే ముందు మారే యూటీసీ ప్లస్ 14 జోన్‌లో మొదలుపెట్టి, అందరికంటే ఆఖరున మారే మైనస్ 12 జోన్‌లో ముగించింది. మన లెక్కలో సెప్టెంబర్ 30 మధ్యాహ్నం 3:30కే మొదలన్నమాట. ఏ దేశం వాళ్లకైనా ‘మా ఊళ్లో అక్టోబర్ నడుస్తోంది’ అంటే చాలు, లోపల ఉన్నట్టే.

నిద్రలో ఉన్నవాళ్లకూ ఓటు

నిర్ణయాలు తీసుకునేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. కాలిఫోర్నియాలో శుక్రవారం సాయంత్రం 6కి ‘24 గంటల్లో అభిప్రాయం చెప్పండి’ అని పెట్టారనుకుందాం. వేసవిలో ఐతే భారత్‌లో అప్పటికి శనివారం ఉదయం 6:30. గడువు ముగిసేది ఆదివారం ఉదయం 6:30. ఆఫీసు పనిగా ప్రాజెక్టు చూసేవాళ్లకు ఆ 24 గంటలూ సెలవులోనే గడిచిపోతాయి. సోమవారం వచ్చి చూసేసరికి నిర్ణయం అయిపోయి ఉంటుంది.

అందుకే అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ప్రాజెక్టుల్లో ఓటింగ్‌ని మామూలుగా కనీసం 72 గంటలు తెరిచి ఉంచుతారు. ఎవరు ఎక్కడున్నా పాల్గొనే వీలుండాలన్నదే కారణం. రస్ట్ భాషలో పెద్ద మార్పులకు ముందు ఇచ్చే చివరి చర్చా గడువు 10 రోజులు. మధ్యలో శని, ఆదివారాలు పోయినా కనీసం ఐదు పనిదినాలు మిగలాలన్నది అక్కడి లెక్క.

సెక్యూరిటీలో గంట కూడా ముఖ్యమే

ప్రపంచంలో లెక్కలేనన్ని సర్వర్లు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ విషయమే తీసుకోండి. పెద్ద లోపాన్ని సరిచేసే 3.0.7 వెర్షన్ 2022 నవంబర్ 1న, 13:00 నుంచి 17:00 యూటీసీ మధ్య వస్తుందని దాదాపు వారం ముందే చెప్పారు. మన దగ్గర అది సాయంత్రం 6:30 నుంచి రాత్రి 10:30. సర్వర్లు చూసుకునే టీమ్‌లు ఆ రాత్రి డ్యూటీలో ఎవరుండాలో ముందే సర్దుకునే వీలు దొరికింది. ‘నవంబర్ 1న వస్తుంది’ అని మాత్రమే చెప్పి ఉంటే రోజంతా కాపలా కాయాల్సి వచ్చేది.

ఎక్కడ తప్పు జరుగుతుంది?

* పొట్టి పేర్లు: ఐఎస్‌టీ అంటే మనకు భారత కాలమానం. ఇజ్రాయెల్, ఐర్లాండ్ వాళ్లకూ వాళ్ల సొంత ఐఎస్‌టీ ఉంది. సీఎస్‌టీ అంటే అమెరికా సెంట్రల్ టైమ్ కావొచ్చు, చైనా టైమ్ కూడా కావొచ్చు.

* గంట ముందుకు, గంట వెనక్కి: అమెరికాలో గడియారాన్ని మార్చి రెండో ఆదివారం ముందుకు జరుపుతారు. యూరప్‌లో మార్చి ఆఖరి ఆదివారం. భారత్‌లో ఆ పద్ధతే లేదు. అందుకే కాలిఫోర్నియా టైమ్ ప్రకారం ఉదయం 9కి పెట్టిన మీటింగ్ మనకు వేసవిలో రాత్రి 9:30కి, చలికాలంలో 10:30కి వస్తుంది.

* అర్ధరాత్రి 12: ‘శుక్రవారం అర్ధరాత్రి’ అంటే గురువారం దాటిన అర్ధరాత్రా, శుక్రవారం ముగిసే అర్ధరాత్రా? 23:59 అని రాస్తే ఈ సందేహమే రాదు.

* తేదీ రాసే తీరు: 03/04 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికా వాళ్లకు మార్చి 4. నెల పేరు అక్షరాల్లో రాయడం సేఫ్.

సరైన ప్రకటన ఇలా ఉండాలి

ఉదాహరణకు: ‘కోడ్ ఫ్రీజ్ 2026 మార్చి 13, శుక్రవారం, 18:00 యూటీసీ. భారత్‌లో రాత్రి 11:30, బెర్లిన్‌లో రాత్రి 7:00, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉదయం 11:00. ఆ టైమ్‌కి కోడ్ మెర్జ్ అయి ఉండాలి, పంపితే చాలదు. మిగిలినవి తర్వాతి వెర్షన్‌లోకి వెళ్తాయి.’

ఇందులో రోజు, గంట, టైమ్ జోన్‌తో పాటు ఇంకో రెండు విషయాలున్నాయి. ఆ టైమ్‌కి ఏం పూర్తవ్వాలి? మిస్సయితే ఏమవుతుంది? ఈ రెండూ లేకపోతే టైమ్ కరెక్ట్‌గా ఇచ్చినా చివరి రాత్రి గొడవ తప్పదు. కోడ్ పంపినవాళ్లు ‘మా పని అయిపోయింది’ అనుకుంటారు. చెక్ చేయాల్సినవాళ్లు అప్పటికి నిద్రపోతుంటారు.

లినక్స్ కెర్నల్‌లో రెండో ప్రశ్నకు జవాబు అందరికీ తెలుసు. కొత్త మార్పులు తీసుకునే మెర్జ్ విండో సుమారు రెండు వారాలు తెరిచి ఉంటుంది. అది మూసేస్తే తర్వాతి విడత వరకు ఆగాలి. కొత్త వెర్షన్ ప్రతి 9, 10 వారాలకు వస్తుంది. బస్సు మిస్సయినా తర్వాతి బస్సు ఎప్పుడో తెలుసు కాబట్టి, హడావుడిగా సగం పని తోసేయాల్సిన అవసరం ఉండదు.

మీరు చేయాల్సింది

గడువు కనిపించగానే యూటీసీ టైమ్‌ని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. యూటీసీ జోన్ ఎంచుకుని పెడితే మన టైమ్‌కి ఫోనే మార్చి చూపిస్తుంది. కోడ్‌ని ఎవరో చెక్ చేయాల్సి ఉంటే ఒక రోజు ముందే పంపండి. వాళ్ల పగలు మీ రాత్రి కావొచ్చు. ఇక ప్రకటనలో తేదీ మాత్రమే ఉండి టైమ్ జోన్ లేకపోతే, మొహమాటపడకుండా ‘యూటీసీలో ఎంత?’ అని ముందే అడిగేయండి. మీకొచ్చిన సందేహం ఇంకో పది దేశాల వాళ్లకూ వచ్చే ఉంటుంది.