విద్యార్థులు – శక్తి పానీయములు

పశ్చిమ ప్రకాశమున త్రాగుట యనునది ఏనాడును చిన్న విషయము కాదు. మార్కాపురము, గిద్దలూరు, కంభము 1970 వరకు కర్నూలు జిల్లాలోను, పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలోను ఉండెడివి. జిల్లాలు వేరైనను మెట్ట ఒక్కటే; నీటి కొరత ఒక్కటే. 1937లో షార్ట్ మొదలైన వైద్య శాస్త్రజ్ఞులు ఆనాటి నెల్లూరు జిల్లా పల్లెలలో పండ్లు గారపట్టి, ఎముకలు బిగిసికొనిపోవు వ్యాధిని పరిశీలించి, దానికి కారణము బావినీటిలోని ఫ్లోరైడని ప్రకటించినారు. మన దేశమున మనుష్యులలో ఈ వ్యాధిని గూర్చిన తొలి శాస్త్రీయ వివరణ అదియే. ఆ నీరు కంటికి తేటగానే ఉండెను. త్రాగుదాని గుణము చూపువలన తెలియదనియు, కొలిచి చూచినగాని బయటపడదనియు ఈ ప్రాంతము మిక్కిలి బాధపడి నేర్చుకొన్నది.

ఆ పాఠమును నేడు మరియొక పానీయము విషయమున గుర్తు చేసికొనవలసి ఉన్నది. అది పరీక్షల రాత్రులలో విద్యార్థుల బల్లలపై కనిపించు ‘ఎనర్జీ డ్రింకు’.

దేశమంతటికి బడిపలకలు పంపిన ఊరు మార్కాపురము. పలకల గనులలో రాయి కొట్టినవారికిని, చేలలో దున్నినవారికిని బలమిచ్చినవి సంకటి, అంబలి, మజ్జిగ. తేనీరు తరువాత వచ్చినది. 1903లో ప్రభుత్వము చట్టము చేసి తేయాకుపై సుంకము విధించి, ఆ సొమ్ముతో తేనీటి వాడుకను ప్రచారము చేయించినది. అలవాటు దానంతట అది పుట్టలేదు, పుట్టింపబడినది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, 1976లో గుంటూరు చెంత నాగార్జున విశ్వవిద్యాలయమును వెలసిన పిమ్మట ఉన్నత విద్య ఈ సీమకు చేరువైనది. దానితోపాటు రాత్రి చదువును, దానికి తోడుగా తేనీటి గ్లాసును వచ్చినవి.

తేనీటిలోను, కాఫీలోను మెలకువ నిలుపు పదార్థము కెఫీన్. దీనిని 1819లో వేరుచేసిన రూంగే యను జర్మను యువకుడు అప్పటికి యేనా విశ్వవిద్యాలయమున విద్యార్థియే. మహాకవి గేటే అతని చేతికి కొన్ని కాఫీగింజలిచ్చి, వానిని పరిశోధింపుమని ప్రోత్సహించెను. కెఫీన్ చేయు పని ఏమి? మనము మేలుకొని ఉన్నంతసేపు మెదడులో అడినోసిన్ అను పదార్థము పోగుపడి, విశ్రాంతి కావలెనని తెలుపుచుండును. కెఫీన్ ఆ సందేశమును అడ్డగించును. అలసట పోదు; తెలియకుండ మాత్రము పోవును. సుమారు 5 గంటల పిమ్మట గూడ అందు సగము శరీరములోనే ఉండును. అనగా రాత్రి 10 గంటలకు త్రాగినది తెల్లవారుజామున 3 గంటలకు గూడ నిద్రను చెరచగలదు.

ఈ సీసాల పుట్టుక విశ్వవిద్యాలయములలో జరుగలేదు. 1962లో జపానులో లిపోవిటన్ డి యను చిన్న సీసా అలసట తీర్చు ఔషధముగా వెలువడినది. 1970 దశాబ్దిలో థాయిలాండులో క్రతింగ్ డేంగ్ అను పానీయము లారీ డ్రైవర్లకును, కూలీలకును ప్రియమైనది. దానినే కొంత మార్చి 1987లో ఆస్ట్రియాలో రెడ్ బుల్ పేర అమ్మినారు. అంతట శ్రామికుని పానీయము యువకుల వేడుకగా మారినది. మన దేశమున 2017లో వచ్చిన స్టింగ్, తరువాత చౌకధర సీసాలలో చిన్న ఊళ్ల కొట్లకును చేరినది.

విద్యార్థులు దీనిని ఎందుకు త్రాగుదురు? అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయమున 496 మందిని ప్రశ్నించి 2007లో ప్రకటించిన పరిశీలనలో, సగముమందికి పైగా నెలకు ఒకటికి మించి త్రాగుచున్నట్లు తేలినది. వారిలో నూటికి 67 మంది చెప్పిన కారణము నిద్ర చాలకపోవుట. మన ఇండ్లలో దీనికి మరియొక భావము తోడైనది. సీసాలో వచ్చినది బలమిచ్చునన్న నమ్మకము టానిక్కుల కాలమునుండి ఉన్నదే. ‘శక్తి’ యను పేరు చూచి తల్లిదండ్రులు గూడ అభ్యంతరము చెప్పరు.

కనుక కొలిచి చూతము. 2016లో భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ చేసిన నియమముల ప్రకారము ఇట్టి పానీయమున లీటరుకు కెఫీన్ 145 మిల్లీగ్రాములకు తగ్గరాదు, 300కు మించరాదు. 250 మిల్లీలీటర్ల సీసాలో 75 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చును. అది ఇంచుమించు ఒక కప్పు చిక్కని కాఫీతో సమానము. పిల్లలకును, గర్భిణులకును, పాలిచ్చు తల్లులకును, కెఫీన్ పడనివారికిని తగదని సీసాపై ముద్రింపవలెను. రెడ్ బుల్ వంటి దానిలో 250 మిల్లీలీటర్లకు సుమారు 27 గ్రాముల చక్కెర ఉండును. శక్తి యనదగినది ఏదైన ఉన్నచో అది ఆ చక్కెరయే. శ్రీరామనవమి పానకములో గూడ అది దొరకును.

ఒక సీసాతో ప్రమాదము ముంచుకొనివచ్చునని భయపెట్టుట న్యాయము కాదు. కాని ఒకటి రెండై, రెండు మూడైనప్పుడు గుండెదడ, చేతుల వణకు, నిద్రలేమి తప్పవు. మరునాటి అలసటకు మరల సీసాయే మందగును. చదివినది మనసున నిలుచుటకు నిద్రయే ఆధారమని శాస్త్రము చెప్పుచున్నది. పొలమమ్మియో, గనిలో కష్టించియో బిడ్డను చదివించుచున్న కుటుంబమునకు ఆ నిద్ర విలువ తెలియవలెను. నీటిని పరీక్షించి త్రాగుట నేర్చిన ప్రాంతమిది. సీసాపై చిన్న అక్షరములను చదివి త్రాగుట దానికి కష్టము కాదు.