బ్రౌనింగు వేటతుపాకి: చరిత్ర, పోషణ

ఆకురాలు కాలం వచ్చిందంటే చాలు, కెనడా ప్రెయిరీ మైదానాల మీదుగా అడవిబాతులు, కెనడా గూసులు బారులు తీరి దక్షిణానికి సాగిపోతాయి. కోత అయిన గోధుమ చేలలో రాలిన గింజల కోసం అవి దిగే వేళకు, తెల్లవారక ముందే వచ్చి చేని గట్టున పొంచి ఉండే వేటగాళ్ళు ఈ దేశంలో తరతరాలుగా ఉన్నారు. తాతల నాటి వేటతుపాకి ఒకటి అలమరలో తాళం వేసి ఉన్న ఇళ్ళు ఇక్కడ ఎన్నో. చిన్న పట్టణాలలో ఉపాధ్యాయులుగా, నర్సులుగా, వైద్యులుగా స్థిరపడిన మన కుటుంబాలలో కూడా కొందరికి ఈ వేట అలవాటైంది. కొందరికి ఇరుగుపొరుగు వృద్ధుల ద్వారా అటువంటి పాత తుపాకులు చేతికి వచ్చాయి.

ఈ సంచికలో నాట్యం గూర్చి, సంగీతం గూర్చి, పండుగల గూర్చి వ్రాసేవారు చాలామంది ఉన్నారు. మేము మాత్రం ఒక ఇనుప వస్తువు చరిత్ర చెప్పదలచుకొన్నాము. వస్తువు వారసత్వంగా వస్తుంది గాని, దానిని సరిచూసే నేర్పు దానంతట అది రాదు. ఈ సంగతి ఈ తుపాకి చరిత్రలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదని మా అభిప్రాయం.

మన పెద్దలు, ఆయుధాలు

మన పూర్వులకు తుపాకితో పరిచయం తక్కువ. 1878 నాటి ఆయుధాల చట్టం ప్రకారం భారతీయుడు లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోరాదు. యూరోపియనులకు మాత్రం మినహాయింపు ఉండేది. జమీందారుల దివాణాలలో వేటతుపాకులు ఉండేవి. సామాన్య రైతుకు అవి అందనివి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు తన అనుచరులతో చింతపల్లి పోలీసు స్టేషను మీద పడి మొదట చేజిక్కించుకొన్నవి తుపాకులే అన్న సంగతి మనందరికీ తెలిసినదే.

1903 నుండి 1916 వరకు మద్రాసు రేవులో ఓడ ఎక్కి, కూలి ఒప్పందం మీద ఫిజీ చెరకు తోటలకు వెళ్ళినవారిలో మా తాతగారు ఒకరు. ఆయన చేతికి వచ్చిన పనిముట్టు చెరకు కత్తి. ప్రతి సాయంత్రం ఆకురాయితో దాని అంచు తీయనిదే ఆయన అన్నానికి కూర్చునేవారు కారని మా నాయనగారు చెప్పేవారు. పనిముట్టును పోషించడం మనవాళ్ళకు కొత్త కాదు. పనిముట్టు మారింది, అంతే.

తన్నును పనిలో పెట్టిన మనిషి

పందొమ్మిదవ శతాబ్దంలో వేటగాని తుపాకి ఒక బారెలుదో, రెండు బారెళ్ళదో అయి ఉండేది. పేల్చడం, విప్పడం, ఖాళీ తూటా తీసివేయడం, కొత్తది పెట్టడం అన్నీ చేతితోనే. కెనడాలో ఇరవయ్యవ శతాబ్దంలో కూడా కూయీ సంస్థ ఒంటారియోలోని కోబర్గులో తయారుచేసిన ఒంటి బారెలు తుపాకులే ఎన్నో వ్యవసాయదారుల ఇళ్ళలో కనబడేవి. చవక, చెడిపోవడానికి అందులో పెద్దగా ఏమీ లేదు.

అమెరికాలోని యూటా రాష్ట్రం, ఆగ్డెన్ పట్టణంలో 1855లో జన్మించిన జాన్ మోజెస్ బ్రౌనింగు తుపాకులు చేసేవారి కుటుంబంలోనివాడు. తుపాకి పేలినప్పుడు గుండ్లు ముందుకు పోతాయి, తుపాకి వెనక్కి తంతుంది. ఇంగ్లీషులో ‘రికాయిల్’ అనే ఈ మాటకు తెలుగు ఏమిటని మా సాయంకాలపు తెలుగు తరగతిలో ఒకనాడు చాలాసేపు తర్కించుకొన్నాము. చివరకు తరగతిలోని ఒక పెద్దావిడ “తుపాకి తంతుంది, కాబట్టి తన్ను” అని ఒక్క మాటలో తేల్చివేశారు. భుజానికి నొప్పి తప్ప మరే ప్రయోజనమూ లేని ఆ తన్నును పనిలో పెట్టవచ్చునని బ్రౌనింగు చూశాడు. అతని పేటెంటు 1900 అక్టోబరు 9న మంజూరైంది.

అప్పటికి చాలా ఏళ్ళుగా అతని నమూనాలను వించెస్టరు సంస్థ కొంటూ వస్తున్నది. ఈసారి అతడు ఒక్కసారి ధర కాకుండా, అమ్మిన ప్రతి తుపాకికీ రాయల్టీ కావాలన్నాడు. వారు ఒప్పుకోలేదు. 1902 జనవరిలో రెమింగ్టన్ సంస్థ అధినేత మార్సెలస్ హార్ట్‌లీని కలవడానికి వెళ్ళి అక్కడ వేచి ఉండగానే, ఆయన గుండె ఆగి మరణించారన్న కబురు వచ్చింది. బ్రౌనింగు తుపాకి తీసుకొని ఓడ ఎక్కి బెల్జియంలోని ఎర్‌స్టాల్ చేరాడు. అక్కడి ఎఫ్.ఎన్. సంస్థ దానిని తయారుచేయడానికి ఒప్పుకొన్నది. గొట్టంలో నాలుగు, బారెలులో ఒకటి, వెరసి ఐదు తూటాలు గనుక దానికి ‘ఆటో-5’ అన్న పేరు నిలిచింది. 1905 నుండి రెమింగ్టన్ వారు కూడా అదే నమూనాను అమెరికాలో చేయసాగారు; దానికి తరువాత ‘మోడల్ 11’ అన్న పేరు వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధంలో బెల్జియం జర్మనుల వశమైనప్పుడు బ్రౌనింగు పేరు గల తుపాకులు సైతం రెమింగ్టన్ కర్మాగారంలోనే తయారైనాయి. తరువాతి కాలంలో ఉత్పత్తి జపానుకు మారి, 1998 వరకు సాగింది.

రెండు రింగుల రహస్యం

ఈ తుపాకిలో పేలిన వెంటనే బారెలు, బోల్టు ఒకదానితో ఒకటి బిగిసి ఉండి, రెండూ కలిసి చివరి దాకా వెనక్కి జరుగుతాయి. అక్కడ బోల్టు ఆగుతుంది, బారెలు మాత్రం స్ప్రింగు తోసినందువల్ల ముందుకు వస్తుంది. ఆ వేళకు ఖాళీ తూటా బయట పడుతుంది. తరువాత బోల్టు విడుదలై కొత్త తూటాను లోపలికి నెడుతుంది. ఇంత పనీ రెప్పపాటులో జరుగుతుంది.

చిక్కల్లా తూటాలన్నీ ఒక్క తీరువి కాకపోవడమే. పిట్టల కోసం తేలిక తూటా, గూసుల కోసం బరువు తూటా. తేలికదాని తన్ను బారెలును చివరి దాకా నెట్టలేకపోవచ్చు. బరువుదాని తన్ను బారెలును విసురుగా వెనక్కి కొడుతుంది. ఈ రెంటికీ ఒకే తుపాకి సరిపోవాలని బ్రౌనింగు తూటాల గొట్టం మీద ఒక బ్రేకు అమర్చాడు. పన్నెండు బోరు మామూలు తుపాకిలో దీనికి రెండు భాగాలు: చీలిక గల కంచు రింగు ఒకటి, ఒక పక్క ఏటవాలుగా ఉండే ఉక్కు రింగు ఒకటి.

బరువు తూటాలకు వరుస ఇది: బారెలు కింది కడియాన్ని ఆనుకొని కంచు రింగు, దాని వెనుక ఉక్కు రింగు, ఏటవాలు పక్క కంచు రింగు వైపు, ఆ వెనుక స్ప్రింగు. తన్ను తగిలినప్పుడు ఉక్కు రింగు కంచు రింగును నొక్కుతుంది, అది తూటాల గొట్టాన్ని పట్టుకొంటుంది. తన్ను ఎంత గట్టిదైతే పట్టు అంత గట్టిది. తేలిక తూటాలకు ఉక్కు రింగును తీసి స్ప్రింగుకు వెనుక, యంత్రపు పెట్టె వైపు పెట్టాలి. అప్పుడు కంచు రింగు వదులుగా పట్టి, బారెలును పూర్తిగా వెనక్కి పోనిస్తుంది. మాగ్నమ్ రకంలో అమరిక వేరు. దానికి కంచు రింగులు రెండు.

వారసుల ఇళ్ళలో జరిగే పొరపాటు ఇక్కడే. తాతగారు తేలిక తూటాలకు అమర్చి పెట్టి కన్నుమూస్తారు. మనుమడు బరువు తూటాలు కొని వేటకు వెళతాడు. తుపాకి చక్కగానే పనిచేస్తుంది! ఖాళీ తూటాలు దూరంగా ఎగిరిపడుతుంటే అతనికి సంతోషమే. కాని ప్రతి దెబ్బకూ ఇనుము ఇనుమును మోదుతూ, కొన్నాళ్ళకు ముందు చెక్క చీలుతుంది, మడమ చెక్క మెడ దగ్గర పగులుతుంది. దీనికి విరుద్ధమైన అమరికలో ఉన్నవాడు అదృష్టవంతుడు. తూటా చిక్కుకొని పక్షి ఎగిరిపోవచ్చు గాని తుపాకి చెడదు.

నూనె సంగతి కూడా ఇటువంటిదే. ‘ఎక్కువ నూనె ఎక్కువ మేలు’ అనుకొని తూటాల గొట్టాన్ని తడిపివేస్తే కంచు రింగు జారిపోయి బ్రేకు ఉన్నా లేనట్టే. పలుచని పూత చాలు. యంత్రపు పెట్టె వెనుక భాగంలో బోల్టు దెబ్బను మెత్తగా అందుకొనే నారముక్క ఒకటి ఉంటుంది. అది ఎండి పొడి అయితే మార్చాలి. మడమ చెక్కలోని స్ప్రింగు గొట్టాన్ని చాలామంది ఏనాడూ తెరవరు. అందులో దశాబ్దాల నూనె జిగురై, తుప్పు పట్టి బోల్టును నిదానం చేస్తుంది. పోతే, ముందున్న మూత గట్టిగా బిగించకుండా ఒక్క తూటా కూడా పేల్చరాదు.

పోటీదారులు

వించెస్టరు వారికి తిరస్కరించిన నమూనా విలువ తరువాత తెలిసి వచ్చింది. వారి ఇంజనీరు టి.సి. జాన్సన్ 1911లో మరొక తుపాకి చేశాడు. బోల్టుకు పిడి పెడితే బ్రౌనింగు పేటెంటు అడ్డు. కాబట్టి బారెలునే పట్టుకొని వెనక్కి లాగే ఏర్పాటు చేశారు. తూటా ఇరుక్కొన్నప్పుడు కొందరు మడమను నేలకు ఆనించి, గొట్టం మూతి తమ వైపు ఉండగానే బారెలును కిందికి నొక్కేవారు. అందుకే దానికి ‘విధవలను చేసే తుపాకి’ అన్న అపకీర్తి వచ్చింది. 1925లో దాని ఉత్పత్తి ఆగిపోయింది.

రెండవ మార్గం గ్యాసుది. ఇందులోనూ బ్రౌనింగు చేయి ఉన్నది. 1889లో తుపాకి మూతి నుండి వచ్చిన గాలికి గడ్డి వంగిపోవడం చూసి అతడు గ్యాసుతో నడిచే మరతుపాకి చేశాడు. వేటతుపాకులలో ఆ సూత్రాన్ని ఇంటింటికీ చేర్చినది 1963లో వచ్చిన రెమింగ్టన్ 1100. బారెలులోని చిన్న రంధ్రాల గుండా వచ్చే గ్యాసు పిస్టనును నెడుతుంది, తన్ను మెత్తబడుతుంది. దీనికి కావలసిన పోషణ వేరు: మసి పట్టిన రంధ్రాలు శుభ్రం చేయాలి, సన్నని రబ్బరు రింగు చీలితే మార్చాలి. అది చీలితే గ్యాసు పక్కకు పోయి, తూటా సగంలో నిలుస్తుంది. ఎనభై ఏళ్ళ కంచు రింగు పనిచేస్తూనే ఉండగా, రబ్బరు రింగు మాత్రం వాడి పారవేసే వస్తువు.

కెనడా చలి, కెనడా చట్టం

తనంతట తానే నిండే తుపాకి అందరికీ నచ్చలేదు. పక్షులు తరిగిపోతున్నాయన్న ఆందోళన బలంగా ఉన్న రోజులవి. అమెరికాలోని పెన్సిల్వేనియా 1907లోనే వేటలో వీటిని నిషేధించింది. 1916లో వలసపక్షుల గూర్చి బ్రిటన్, కెనడా తరపున, అమెరికాతో ఒప్పందం చేసుకొన్నది. 1917లో కెనడా పార్లమెంటు చట్టం చేసింది. వలసపక్షుల వేటలో తుపాకిలో మూడు తూటాలకు మించి పట్టరాదన్నది నేటి నియమం. అందుకే తూటాల గొట్టంలో ఒక అడ్డుకర్ర పెడతారు. ఐదు తూటాల తుపాకి ఆ కర్రతో మూడు తూటాలది అవుతుంది. గొట్టం విప్పి శుభ్రం చేసినప్పుడు ఆ కర్రను తిరిగి పెట్టడం మరవరాదు.

సీసపు గుండ్లు చెరువుల అడుగున పడి, వాటిని మింగిన బాతులు విషంతో చనిపోతున్నాయని తేలగా, 1997లో చిత్తడి నేలల దగ్గర, 1999లో దేశమంతటా చాలా వలసపక్షుల వేటకు సీసాన్ని నిషేధించారు. ఆ స్థానంలో వచ్చిన ఉక్కు గుండ్లు గట్టివి. పాత బెల్జియం బారెళ్ళలో వాటిని వాడవద్దని బ్రౌనింగు సంస్థే హెచ్చరించింది. బిస్మత్ గుండ్లు మెత్తనివి గనుక పాత తుపాకులవారు వాటిని ఆశ్రయిస్తున్నారు. యుద్ధానికి పూర్వపు పదహారు బోరు తుపాకులలో తూటా గది నేటి తూటా కంటె పొట్టిది కావచ్చు. నిపుణునితో కొలిపించనిదే పేల్చరాదు.

ఇక చలి. సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన మామూలు నూనె తేనెలా చిక్కబడి బోల్టును పట్టుకొంటుంది. అందుకే ప్రెయిరీ వేటగాళ్ళు శీతాకాలానికి ముందు పాత నూనె అంతా తుడిచి దాదాపు పొడిగా ఉంచుతారు. బయటి నుండి తెచ్చిన చల్లని తుపాకిని వెచ్చని గదిలో వెంటనే సంచి నుండి తీస్తే, మంచు పట్టినట్టు చెమ్మ పడుతుంది. సంచిలోనే కొన్ని గంటలుంచి, వెచ్చబడిన తరువాత తీసి తుడవాలి.

ఒక మనవి

పాత తుపాకి చేతికి వచ్చినవారు మొదట లైసెన్సు, చట్టం సంగతి చూసుకోవాలి. గొట్టంలో, గదిలో తూటా లేదని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. తూటాలను వేరే గదిలో పెట్టాలి. ఆ తరువాతనే మూత విప్పి రింగుల వరుస చూడాలి.

బ్రౌనింగు 1926లో ఎర్‌స్టాల్ కర్మాగారంలోనే, పనిచేస్తూ మరణించాడు. అతడు వదలి వెళ్ళిన తుపాకులు నేడు నాలుగవ తరం చేతులలో ఉన్నాయి. మహర్నవమి నాడు మన ఇళ్ళలో పనిముట్లకు పసుపు కుంకుమ పెట్టే ముందు వాటిని విప్పి, కడిగి, తుడిచే ఆచారం ఉన్నది. ఆ రోజున ఈ తుపాకిని కూడా విప్పి, ఏ తూటాకు ఏ వరుస అన్నది ఒక అట్టముక్క మీద వ్రాసి దానితోనే ఉంచండి. వీలైతే తెలుగులోనే వ్రాయండి. ఉక్కు రింగు, కంచు రింగు, స్ప్రింగు, తన్ను: మాటలు ఈ నాలుగే, మన పిల్లలకు వాటిని చదవడం కష్టం కాదు.