వేరు పొయ్యి

పాడుబడ్డ చర్చిలకి ఫొటోలు తియ్యడం నాకు మొదట్లో సరదా, తర్వాత పరిశోధనకి పనికొచ్చే వ్యాపకం. 2018 చలికాలంలో, పిహెచ్.డి. చేస్తున్న రోజుల్లో, పోలవరం రేవులో పడవెక్కి గోదావరి అవతల దేవీపట్నం మండలంలో సగం ఖాళీ అయిన ఒక ఊరికి వెళ్ళింది కూడా గుడి కోసమే. అక్కడి క్రైస్తవులు చర్చిని గుడి అనే అంటారు.

వెళ్ళిపోయినవాళ్ళు తలుపులు, ద్వారబంధాలు, పెంకులు ట్రాక్టర్లకెక్కించుకుపోయారు. గుడికీ కప్పు లేదు. గోడలో బిగించిన పలక మీద దాతల పేర్లన్నీ మగవాళ్ళవే. ఆ గోడకి మట్టి తొక్కిందెవరో పలక చెప్పదు.

ఈ ప్రాంతపు సంఘాలకి ఆనకట్టలతో పాత చుట్టరికమే. 1836లో ఇండియా వచ్చిన బౌడెన్, బీర్ దంపతులతో మొదలైంది గోదావరి డెల్టా మిషన్. 1847లో కాటన్ ధవళేశ్వరంలో పని మొదలుపెట్టాక అక్కడ పోగైన కూలీల మధ్య బౌడెన్ సువార్త చెప్పాడు. 1852కి ఆనకట్ట పూర్తయింది. చిన్నప్పుడు నేను విన్న ఆ కథల్లో బౌడెన్‌కీ బీర్‌కీ పేర్లున్నాయి. వాళ్ళతో ఓడెక్కి వచ్చిన ఆడవాళ్ళు మాత్రం ఉత్త దొరసానులు. ఆ ఆనకట్ట మనుషుల్ని పోగేస్తే, పోలవరం లక్షకి పైగా కుటుంబాల్ని లేవదీస్తోంది. అందులో కోయలు, కొండరెడ్లు, దళితులే ఎక్కువ.

నేను శిలువకి కెమెరా గురిపెడుతుంటే ఒక పెద్దావిడ వచ్చి నిలబడింది.

"గుడి తర్వాత తీద్దురుగాని, ముందు మా పొయ్యి తియ్యండమ్మా."

"పొయ్యెందుకు మామ్మా?"

మొగుడు వదిలేసి ముప్ఫయ్యేళ్ళయింది. తమ్ముడి ఇంటి పక్క చూరు దించుకుని వేరుగా వండుకు తింటోంది. సర్వేలో మాత్రం తమ్ముడి ఇంట్లో మనిషిగా రాసుకున్నారు. 2013 భూసేకరణ చట్టం వితంతువుల్నీ, విడాకులు పొందినవాళ్ళనీ, కుటుంబం వదిలేసిన స్త్రీలనీ వేరు కుటుంబాలుగానే లెక్కించమంది. ఆ సెక్షన్ ఆమెకి తెలీదు. నేనూ అప్పటికి చదవలేదు, ఇంటికొచ్చాక వెతుక్కున్నాను. కానీ వాదన ఆమె దగ్గర సిద్ధంగా ఉంది: పొయ్యి వేరైతే కుటుంబం వేరు. వేరు కుంపటి పెట్టిందని కోడళ్ళని తిట్టడానికే ఆ మాట వాడతాం మనం.

రెండు రాళ్ళ మధ్య బూడిద, పైన గోడంతా మసి, పక్కన నేలలో పాతిన రోలు. నాలుగు ఫొటోలు తీశాను, గుడికి అరవై దాకా తీసినదాన్ని. నిజం చెప్పాలంటే ఆ నాలుగూ ఆమె కోసం తీసినవే, నా థీసిస్‌కి పనికొస్తాయనుకోలేదు.

ప్రింట్లు వేయించడం బద్ధకించాను. 2019 ఆగస్టు వరద కాఫర్ డ్యామ్ దగ్గర ఎగదన్ని దేవీపట్నం ఊళ్ళని ముంచేసింది. ఆ తర్వాత నెలకి గానీ, పునరావాస కాలనీలో తమ్ముడి వరండాలో ఆమె నాకు దొరకలేదు.

ఫొటోని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"మా తమ్ముడి గోడ కూడా పడిందమ్మా. ఇద్దరిదీ ఒకటే ఇల్లంటారు దీన్ని చూస్తే. రోలు పక్కనుంచి తియ్యాల్సింది."