తిరిగి రాని బేరార్

మనం లష్కర్ అని పిలుచుకునే సికింద్రాబాద్ పుట్టుకలోనే ఒక రాజ్యం పతనం మొదలైంది. 1798లో హైదరాబాద్ పాలకుడు నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని రక్షణకు పెట్టుకున్నాడు. 1800లో దాని ఖర్చు కింద బళ్లారి, కడప సీమలను శాశ్వతంగా రాసిచ్చాడు. హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన దిగిన ఆ దండుకు 1806లో ఆయన కొడుకు సికిందర్ జా పేరు పెట్టారు. సీమలు పోయినా లెక్క తీరిందనుకున్నారు.

తీరలేదు. హైదరాబాద్‌లో కంపెనీ ప్రతినిధి, అంటే రెసిడెంట్, రస్సెల్ మరో సైన్యాన్ని పుట్టించాడు. బొల్లారం కేంద్రంగా పెరిగిన ఈ హైదరాబాద్ కంటింజెంట్‌కు ఏ ఒప్పందంలోనూ చోటు లేదు. అధికారులు ఇంగ్లీషువాళ్లు, జీతాలు నిజాం ఖజానావి. ఖజానా ఖాళీ అయితే జీతాలు కంపెనీ ఇచ్చి, బాకీ నిజాం పేర రాసుకునేది. ఆ బాకీ చూపించే 1853 మేలో పత్తి పండే బేరార్‌ను, రాయచూర్ దోయాబ్‌ను నిజాం నాసిరుద్దౌలా చేతుల్లోంచి లాక్కుంది. ఆ సంతకం జరిగిన కొద్దిరోజులకే దివాన్ సిరాజుల్ ముల్క్ కన్నుమూశాడు.

ఆయన సోదరుడి కుమారుడు సాలార్ జంగ్ 24 ఏళ్లకే దివాన్ అయ్యాడు. బేరార్‌ను వెనక్కి తేవడం ఆయన జీవితాశయమైంది. 1857 జూలై 17న తిరుగుబాటుదారులు తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ రెసిడెన్సీ మీదికి దండెత్తితే, సొంత నగరం నిందిస్తున్నా ఇంగ్లీషువాళ్ల పక్షాన నిలబడ్డాడు. ప్రతిఫలంగా 1860లో 50 లక్షల అప్పు మాఫీ అయింది, రాయచూర్ తిరిగొచ్చింది. బేరార్ మాత్రం రాలేదు. మరుసటి ఏడే అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఓడలు ఆగిపోయాయి. లాంకషైర్ మిల్లుల చూపు బేరార్ చేల మీద పడింది. ఇక వదులుతారా?

1876లో సాలార్ జంగ్ స్వయంగా ఇంగ్లండ్ బయలుదేరాడు. దారిలో పారిస్‌లో జారిపడి తొడ ఎముక విరిగింది. ఆ గాయంతోనే లండన్ చేరాడు. ఆక్స్‌ఫర్డ్ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది, విందులు జరిగాయి, మొర మాత్రం ఎవరికీ పట్టలేదు. 1883 ఫిబ్రవరి 8న కలరా ఆయన్ను తీసుకుపోయింది.

నేలను లాక్కున్నవాళ్ల దగ్గరే న్యాయం అడగాల్సి రావడం పదేళ్ల తర్వాత హవాయిలోనూ కనిపించింది. అమెరికా నావికాదళం ఒడ్డున నిలిచి ఉండగా, రాణి లిలియుఓకలానిని 1893లో గద్దె దింపారు. ఆమె వాషింగ్టన్ దాకా వెళ్లి న్యాయం అడిగింది. 1898లో ఆ దీవులు అమెరికాలో కలిసిపోయాయి.

ఇక్కడ 1902లో వైస్రాయ్ కర్జన్ ఒత్తిడికి తలొగ్గి నిజాం మహబూబ్ అలీఖాన్ ఏటా 25 లక్షలకు బేరార్‌ను శాశ్వత కౌలుకిచ్చాడు. సార్వభౌమత్వం నిజాందేనని కాగితం మీద ఒప్పుకున్నారు. నేల, పత్తి, శిస్తు ఇంగ్లీషువాళ్లకే దక్కాయి.

సాలార్ జంగ్ చేతగాక ఓడిపోలేదు. ఆయన దగ్గర వాదన ఉంది, లెక్కలున్నాయి, మూడు దశాబ్దాల ఓర్పు ఉంది. కానీ తీర్పు చెప్పేవాళ్లే నేలను అనుభవిస్తున్నవాళ్లు. అలాంటి చోట విధేయతకు విలువుంటుందని నమ్మడమే ఆయన జీవితాన్ని మింగేసింది.